రాజీకి పంపకూడని తగవులు

పిల్లల తగవులు పిల్లలే తీర్చుకునే పద్ధతి మీద వచ్చిన రెండు పరిశోధనల్ని పక్కపక్కన పెట్టుకుని చదివితే ఏది నమ్మాలో తెలియదు. మొదటిది 1998లో అచ్చయింది. కెనడాలోని హామిల్టన్‌లో మూడు ప్రాథమిక పాఠశాలల్లో విద్యార్థులకే శిక్షణ ఇచ్చి, ఆటస్థలంలో మధ్యవర్తులుగా నిలబెట్టారు. వాళ్లు కల్పించుకున్న తగవుల్లో దాదాపు 90 శాతం అక్కడికక్కడే తెగిపోయాయి. కొట్టుకోవడాలు 51 నుంచి 65 శాతం తగ్గాయి. ఏడాది తర్వాత వెళ్లి చూసినా ఆ తగ్గుదల నిలిచే ఉంది.

రెండోది కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన మరియా టోఫి, డేవిడ్ ఫారింగ్టన్‌ల పని. స్కూళ్లలో పిల్లల్ని పిల్లలే వెంటపడి ఏడిపించడాన్ని ఆపడానికి రకరకాల దేశాల్లో నడిపిన కార్యక్రమాల మీద 44 మూల్యాంకనాలను వాళ్లు కలిపి లెక్కగట్టారు. మొత్తం మీద ఏడిపించడం 20 నుంచి 23 శాతం తగ్గింది. అయితే ఆ కార్యక్రమాల్లో ఏ భాగం పనిచేసింది, ఏది చేయలేదు అని విడదీసి చూస్తే, తోటి పిల్లల చేత మధ్యవర్తిత్వం లాంటి పనులు చేయించిన చోట బాధితులు తగ్గకపోగా పెరిగినట్టు తేలింది.

నా లెక్కలో రెండూ నిజమే. హామిల్టన్‌లో కొలిచింది ఆటస్థలంలో అప్పటికప్పుడు లేచే కొట్లాటలు. బంతి నాదంటే నాదని, లైను దాటావంటే దాటలేదని. ఇద్దరూ కోపంగా ఉంటారు, ఇద్దరికీ తిరిగి కొట్టే సత్తువ ఉంటుంది. టోఫి, ఫారింగ్టన్ చూసింది ఒకే పిల్లాణ్ని నెలల తరబడి వెంటాడే వ్యవహారం. అందులో రెండు పక్షాలు లేవు. ఒక పక్షం, ఒక ఎర. ఆ రెంటినీ ఒకే బల్ల దగ్గరికి పంపితే మొదటిది తీరుతుంది, రెండోది ముదురుతుంది.

అందుకే, మన స్కూళ్లలో ఈ పద్ధతి పెడదామని ఉత్సాహపడే హెడ్మాస్టర్లకూ స్వచ్ఛంద సంస్థల వాళ్లకూ నేను చెప్పేది ఒకటే. మధ్యవర్తుల బ్యాడ్జీలు ఎవరికివ్వాలో తర్వాత చూసుకోవచ్చు. ముందు ఒక తెల్లకాగితం తీసుకుని, పిల్లల మధ్యవర్తి దగ్గరికి ఎట్టి పరిస్థితుల్లోనూ పంపకూడని తగవులేమిటో రాసి స్టాఫ్ రూమ్‌లో అంటించండి. ఆ కాగితం లేకుండా మొదలుపెట్టడం కంటే అసలు మొదలుపెట్టకపోవడమే మేలు.

ఇది నా చాదస్తం కాదు. పెద్దవాళ్ల కోసం 2023లో పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ చట్టానికి మొదటి షెడ్యూలు ఏమిటో చూడండి. మధ్యవర్తిత్వానికి పనికిరాని వివాదాల జాబితా అది. లాయర్లు, రిటైర్డ్ జడ్జీలు కూర్చునే బల్లకే అంత జాగ్రత్త అవసరమైనప్పుడు, తొమ్మిదో తరగతి పిల్లలు కూర్చునే బల్లకు అక్కర్లేదా?

జల్లెడ ఎవరి చేతిలో

తగవు మధ్యవర్తి దగ్గరికి చేరే ముందు ఒక పెద్దమనిషి చేతి మీదుగా వెళ్లాలి. అంటే ఒక టీచరు, రోజుకు పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఇద్దర్నీ విడివిడిగా పిలిచి మూడు సంగతులు తెలుసుకోవాలి.

ఇది ఎన్నోసారి? మొదటిసారి, రెండోసారి అయితే తగవు. దసరా సెలవుల ముందు నుంచీ నడుస్తోందంటే, అదీ ప్రతిసారీ ఒకరే ఏడుస్తున్నారంటే, దానికి వేరే పేరుంది.

బల్ల దగ్గర్నుంచి లేచి వెళ్లిపోవడానికి ఇద్దరికీ ఒకే స్వేచ్ఛ ఉందా? పదో తరగతి వాడు, ఆరో తరగతి వాడు ఉన్నారనుకోండి. ఆరో తరగతి వాడు ‘నాకు ఒప్పందం ఇష్టం లేదు’ అని లేచి వెళ్లగలడా? ఊరి సర్పంచి కొడుకు, ఆ ఇంట్లో పనిచేసే మనిషి కొడుకు ఎదురెదురుగా కూర్చుంటే? వాళ్లిద్దరూ ఒకే తరగతి, ఒకే బెంచీ కావచ్చు, వయసూ ఒకటే కావచ్చు. బల్ల మాత్రం సమంగా లేదు.

ఇద్దరిలో ఎవరైనా ఈ సంగతి ఇంట్లో తెలియకూడదని బతిమాలుతున్నారా? మార్కులు తగ్గాయని దాచడం వేరు. ఎవరో ఏదో చేశారని, చెబితే ఇంకేదో చేస్తారని దాచడం వేరు. రెండో రకం భయం కనబడితే ఆ తగవు అక్కడే ఆపి, టీచరు తన చేతుల్లోకి తీసుకోవాలి.

కులం పేరు పెట్టి తిట్టడం, ఒంటి మీద చెయ్యి వేయడం, ఫోన్లో ఫొటో తీసి బెదిరించడం, డబ్బు లాక్కోవడం, బ్లేడు తేవడం... ఇవేవీ జల్లెడ దాకా కూడా రాకూడదు. లైంగికంగా వేధించిన సంగతి చెవిన పడితే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ‘పిల్లలు వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని సర్దుకున్నారు’ అనేది 21వ సెక్షన్ ముందు జవాబు కాదు. తెలిసి చెప్పకపోయినవాళ్లకు ఆరు నెలల వరకూ, సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవాళ్లు చేసిన నేరాన్ని దాస్తే ఏడాది వరకూ జైలు. మధ్యవర్తిగా కూర్చున్న పిల్లకు ఈ శిక్ష లేదు, చట్టమే పిల్లల్ని మినహాయించింది. అందుకని ఆ బరువు ఆమె మీద పడదా? పడుతుంది. ఒక పద్నాలుగేళ్ల పిల్ల, ఎవరికీ చెప్పనని మాటిచ్చాక, చెప్పక తప్పని సంగతి వింటుంది. దానికి ముందే దారి చూపించి ఉండకపోతే ఆ రాత్రి ఆమెకు నిద్ర ఉండదు. కాబట్టి మొదటి రోజు శిక్షణలోనే ఈ వాక్యం కంఠతా పట్టించాలి: ‘ఇక్కడి మాట బయటికి పోదు, ఎవరికైనా హాని ఉందని తెలిస్తే మాత్రం మా టీచరుకు చెబుతాం.’ ప్రతి బల్ల దగ్గరా, ప్రతిసారీ, తగవు వినక ముందే ఇది చెప్పాలి. ఆపదలో ఉన్న పిల్లల కోసం పెట్టిన 1098 హెల్ప్‌లైన్ నంబరు ఆ గది గోడ మీద ఉండాలి.

కులం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. తమిళనాడులో తిరునల్వేలి జిల్లా నాంగునేరిలో 2023 ఆగస్టులో ఒక దళిత విద్యార్థిని తోటి విద్యార్థులే ఇంటికొచ్చి కొడవళ్లతో నరికారు. అడ్డుపడిన చెల్లెలికీ గాయాలయ్యాయి. అంతకు ముందు నుంచీ స్కూల్లో అతన్ని వేధిస్తున్నారు, అతను బడికి రావడం మానేశాడు, ఆ సంగతి స్కూలు దృష్టికి వచ్చింది. దాడి జరిగింది ఫిర్యాదు చేసిన తర్వాత. ఆ తర్వాత ప్రభుత్వం రిటైర్డ్ జడ్జి కె. చంద్రుతో ఏకసభ్య కమిటీ వేసింది. 2024 జూన్‌లో ఇచ్చిన నివేదికలో, కులాన్ని సూచించే రంగు దారాలు చేతికి కట్టుకోవడం, ఉంగరాలు, బొట్లు స్కూళ్లలో నిషేధించాలన్న సిఫార్సు అందరి కంటా పడింది. నాకు మాత్రం ఆ కథలో భయం వేసింది ఫిర్యాదుకూ దాడికీ మధ్య ఉన్న కాస్త వ్యవధి చూసి. అలాంటి వ్యవహారంలో ‘ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి’ అనడమంటే, నీ మీద ఫిర్యాదు చేసింది వీడే అని వేలు పెట్టి చూపించడం. మన జిల్లాల్లో దారాలు కట్టకపోవచ్చు. ఎవరు ఎవరితో కూర్చుని అన్నం తింటున్నారో మధ్యాహ్న భోజనం వేళ వరండాలో నిలబడి చూస్తే చాలు.

పెద్దమనుషుల నీడ

అమెరికాలో ఈ పద్ధతికి ఒక మూలం శాన్‌ఫ్రాన్సిస్కోలో 1976లో మొదలైన కమ్యూనిటీ బోర్డ్స్. పేటలో తగవులు పేటవాళ్లే తీర్చుకోవాలని పెట్టిన సంస్థ అది, 1980ల్లో స్కూళ్లలోకి వచ్చింది. అక్కడివాళ్లకు తగవు అంటే పోలీసు, కోర్టు. మధ్యలో ఒక మెట్టు లేదు కాబట్టి దాన్ని కొత్తగా కట్టుకున్నారు.

మనకు ఆ మెట్టు కొత్త కాదు. రచ్చబండ ఉంది, కులపెద్దలు ఉన్నారు, పంచాయితీ ఉంది. చాలామంది దీన్ని మన బలం అంటారు. నాకు మాత్రం ఇదే పెద్ద చిక్కులా కనిపిస్తుంది. ఎందుకంటే పంచాయితీలో పెద్దమనిషి ఇద్దరి మాటా విని, ఇద్దర్నీ తిట్టి, తీర్పు చెప్పి, తప్పు కట్టిస్తాడు. ఎదిరించలేనివాడు తల ఊపుతాడు. దాన్ని రాజీ అంటాం. మధ్యవర్తి పని దానికి పూర్తిగా ఎదురు. తీర్పు చెప్పకూడదు, సలహా ఇవ్వకూడదు, ఎవరిది తప్పో తేల్చకూడదు. పరిష్కారం తగవు పడ్డవాళ్ల నోటి నుంచే రావాలి.

శిక్షణలో మొదటి నటనాభ్యాసం పెట్టి చూడండి. తెలుగు పిల్లలు పదిమందిలో ఎనిమిది మంది రెండు నిమిషాల్లో పెద్దమనిషి అవతారం ఎత్తుతారు. వీపు నిటారుగా పెట్టి, ‘ముందు నువ్వెందుకు కొట్టావురా?’ అంటారు. తర్వాత ‘సరే, సారీ చెప్పు. నువ్వు కూడా చెప్పు. షేక్ హ్యాండ్ ఇచ్చుకోండి’ అని ముగిస్తారు. పాపం, వాళ్లు చూసింది అదే. ఇంట్లో నాన్న, బడిలో పీఈటీ సారు చేసేదీ అదే. కాబట్టి శిక్షణలో సగం సమయం నేర్పడానికి కాదు, ఈ అలవాటు మాన్పించడానికే పోతుంది. మొత్తం 15 గంటలకు తగ్గితే లాభం లేదు. రెండ్రోజుల వర్క్‌షాప్ పెట్టి, ఫొటోలు దిగి, సర్టిఫికెట్లు పంచేస్తే పెద్దమనుషులే తయారవుతారు. వారానికి ఒక గంటన్నర చొప్పున పది వారాలు సాగదీస్తేనే పాత నోరు కొంచెం సడలుతుంది.

‘ఎందుకు’ అనే మాటను నిషేధించడం నుంచి మొదలుపెట్టొచ్చు. మన భాషలో ‘ఎందుకు చేశావు’ అన్నది ప్రశ్న కాదు, తిట్టు. దానికి వచ్చేది సంజాయిషీ లేదా అబద్ధం. ‘ఏం జరిగింది?’, ‘దానికి ముందేమైంది?’, ‘అప్పుడు నీకేమనిపించింది?’ చాలు.

రెండో నియమం: బల్ల దగ్గర ‘వాడు’, ‘అది’ ఉండకూడదు. ఎదుటివాళ్లను పేరుతోనే పిలవాలి. ఇంగ్లీషు కరదీపికల్లో ఈ నియమం కనబడదు, వాళ్లకు ఆ అవసరం లేదు. మన దగ్గర ఒక ఆడపిల్లను ‘అది’ అన్న క్షణంలోనే సగం తగవు ఓడిపోయినట్టు. మధ్యవర్తి కూడా మర్చిపోయి ఒకర్ని పేరుతో, ఇంకొకర్ని ‘వాడు’ అంటే పక్షపాతం అక్కడే బయటపడుతుంది, పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

ఇదే కరదీపికల్లో ‘నువ్వు ఇలా చేసినప్పుడు నేను ఇలా భావిస్తాను’ అని ఒక వాక్యం నేర్పమంటారు. దాన్ని అలాగే అనువదించి నేర్పితే పిల్లలు నవ్వుతారు, నవ్వాలి కూడా. తెలుగులో ఆ పని వ్యాకరణమే చేసిపెట్టింది. ‘నాకు కోపమొచ్చింది’, ‘నాకు చిన్నతనమనిపించింది’. నేరం ఎదుటివాడి మీద వేయకుండా బాధ నా దగ్గర పెట్టుకునే వాక్యం మనకు పుట్టుకతోనే ఉంది. లోటల్లా మాటలది. అడిగితే అందరూ కోపం ఒక్కటే చెబుతారు. ఉక్రోషం, అలక, బెంగ, అసూయ, అవమానం, నామోషీ అని ఒక చార్టు రాసి గోడకు పెట్టి, ఇందులో ఏది అని అడిగితే చాలాసార్లు కోపం కింద నామోషీ దొరుకుతుంది.

బల్ల దగ్గర అరగంట

మధ్యవర్తులు ఇద్దరుండాలి. ఒకరు మాట్లాడతారు, ఒకరు వింటూ రాసుకుంటారు, మధ్యలో మార్చుకుంటారు. తగవు పడ్డవాళ్ల సెక్షన్ వాళ్లు, వాళ్ల ఆటో వాళ్లు, వాళ్ల వీధి వాళ్లు కాకూడదు. తగవు ఆడపిల్లకూ మగపిల్లాడికీ అయితే మధ్యవర్తులూ అలాగే ఒకరొకరు. తగవు పడ్డవాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టొద్దు, బల్లకు ఒకే వైపు కొంచెం దూరంగా కూర్చోబెడితే చూపులు గుచ్చుకోవు.

మొదట నియమాలు, ఒప్పుదల. తర్వాత ఒక్కొక్కరూ తమ కథ చెబుతారు. మధ్యవర్తి దాన్ని ‘అంటే నువ్వనేది...’ అని తిరిగి చెప్పి, ‘ఇంతేనా, ఏమైనా వదిలేశానా?’ అని అడగాలి. ఇక్కడే తొందరపడతారు. కథ సరిగ్గా వినకుండా పరిష్కారానికి దూకితే, పది నిమిషాల తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. ఆ తర్వాత అడుగుతున్నదేమిటో, కావాల్సిందేమిటో విడదీయాలి. ‘వాణ్ని నా బెంచీ నుంచి మార్చాలి’ అన్నది అడగడం. కావాల్సింది మాత్రం, తన జామెట్రీ బాక్సు చెప్పకుండా తీయకపోవడం. బెంచీ మార్చకుండానే ఆ పని జరగొచ్చు.

ఒప్పందం కాగితం మీద ఉండాలి. ‘ఇకపై స్నేహంగా ఉంటాం’ అని రాస్తే చించేయండి. ఎవరు, ఏం, ఎప్పటిలోగా. ‘విరిగిన కంపాసు బదులు సోమవారం కొత్తది తెస్తాను. పక్కపేరుతో పిలవను. నువ్వు నా పుస్తకం మీద గీయవు.’ ఈ మాత్రం చాలు. స్నేహం ఒప్పందంలో రాసే సరుకు కాదు. బలవంతపు సారీ కూడా అంతే. తనంతట తాను చెబితే వినాలి, అడిగి చెప్పించకూడదు. రెండు వారాల తర్వాత అదే మధ్యవర్తులు ఇద్దర్నీ విడివిడిగా కలిసి, నిలిచిందా అని అడగాలి. అందరూ ఎగ్గొట్టే మెట్టు ఇదే.

రిజిస్టరులో తేదీ, తరగతులు, తగవు రకం, ఒప్పందం, రెండు వారాల తర్వాతి మాట. ఇంతకు మించి ఒక్క అక్షరం వద్దు. బల్ల దగ్గర ఎవరేమన్నారని ఏ టీచరైనా మధ్యవర్తిని స్టాఫ్ రూమ్‌కు పిలిచి అడిగిన రోజున ఆ కార్యక్రమం అయిపోయినట్టే. సాయంత్రానికి స్కూలంతా తెలుస్తుంది. అప్పట్నుంచి ఆ పిల్ల పేరు ‘టీచర్ చెంచా’.

లీడరు వేరు

ఎవర్ని ఎంచుకోవాలన్న దగ్గర చాలా స్కూళ్లు తేలిగ్గా దొరికిన దారిలో పోతాయి. క్లాస్ లీడరు ఉండనే ఉన్నాడు కదా! టీచరు లేనప్పుడు మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే పిల్లాడు, మధ్యాహ్నం రెండింటికి నిష్పక్షపాత మధ్యవర్తి ఎలా అవుతాడు? ఫస్టు ర్యాంకు పిల్లల్ని ఏరినా ఇదే కథ. వెనక బెంచీ వాళ్లు ఆ గది గడప తొక్కరు. క్లాసులో నలుగురు ఎవరి మాట వింటారో, టీచర్లను విసిగించే ఆ మొండిఘటాలు కూడా జట్టులో ఉండాలి. శిక్షణ వల్ల ఎక్కువ మారేది తగవు పడ్డవాళ్లకంటే మధ్యవర్తులే. ఆ లాభం ఇప్పటికే అన్నీ ఉన్నవాళ్లకే మళ్లీ ఎందుకు పంచడం?

మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డేవిడ్, రోజర్ జాన్సన్ సోదరులు దీనికి ఇంకో దారి చూపారు. క్లాసు మొత్తానికి నేర్పుతారు, రోజుకు ఇద్దరి చొప్పున అందరూ వంతులవారీగా మధ్యవర్తులవుతారు. నా మొగ్గు ఇటే. అరవై మంది ఉన్న సెక్షన్లో కష్టమే, ఒప్పుకుంటాను. అయినా స్కూలంతటికీ ఇరవై బ్యాడ్జీలు పంచడం కంటే, ఒక్క ఏడో తరగతిని పట్టుకుని అందరికీ నేర్పడం నయం.

టీచర్లకు శిక్షణ ఇచ్చేస్తే అదే పిల్లల్లోకి దిగుతుందనే నమ్మకం మీద న్యూయార్క్ ఎప్పుడో నీళ్లు చల్లింది. అక్కడ 1985లో మొదలైన తగవుల పరిష్కార కార్యక్రమాన్ని 1990ల్లో లారెన్స్ ఏబర్ బృందం వేల మంది పిల్లల మీద పరిశీలించింది. టీచర్లు తరగతిలో ఎక్కువ పాఠాలు చెప్పిన చోట పిల్లల్లో దూకుడు ఆలోచనలు పెరిగే వేగం తగ్గింది. టీచర్లు శిక్షణ బాగా పొంది, పాఠాలు మాత్రం కొన్నే చెప్పిన చోట ఆ లాభం లేకపోగా పరిస్థితి ఇంకా నాసిగా ఉంది. టైమ్‌టేబుల్‌లో పీరియడ్ ఇవ్వకుండా టీచర్లను ట్రైనింగులకు మాత్రం పంపే మన శాఖలకు ఇది ఫ్రేము కట్టించి ఇవ్వాలి.

నా సందేహాలు

పిల్లలు పొద్దున ‘కటీఫ్’ అంటారు, సాయంత్రం బడి వదిలేసరికి భుజాల మీద చేతులేసుకుని పోతారు. దానికి బల్ల, కాగితం, సంతకాలు తెస్తే తెగిపోయే తగవును కట్టి నిలబెట్టినట్టు కాదా? ఈ అభ్యంతరం నన్ను చాలా ఆలోచింపజేసింది. నాకు తోచిన విరుగుడు చిన్నది: చెయ్యి లేవని తగవైతే ఒక రాత్రి గడవనివ్వాలి. మర్నాడు కూడా ఇద్దరూ వస్తేనే బల్ల. ఐదో తరగతి లోపు వాళ్లకు బల్లే వద్దు, హామిల్టన్‌లో లాగా ఆటస్థలంలో నిలబడి రెండు నిమిషాల్లో తేల్చే పద్ధతి సరిపోతుంది.

గురుకులాల సంగతి నాకు ఇంకా తెగలేదు. తగవులు ఎక్కువగా పుట్టేది అక్కడే. సాయంత్రం ఐదు తర్వాత, బకెట్టు దగ్గర, స్నానాల వంతు దగ్గర, ట్రంకు పెట్టె తాళం దగ్గర. అయితే మధ్యవర్తి, తగవు పడ్డవాళ్లు అదే డార్మిటరీలో పక్కపక్కన పడుకుంటారు. రహస్యం నిలవదు, సీనియర్ల కన్ను ఎప్పుడూ ఉంటుంది. మధ్యవర్తుల్ని వేరే డార్మిటరీ నుంచి తేవచ్చు, సీనియర్–జూనియర్ తగవులన్నీ నేరుగా వార్డెన్‌కే పంపొచ్చు. అంతవరకే చెప్పగలను.

‘ఇన్ని తీసేస్తే ఇక మిగిలేదేముంది?’ అని అడిగే టీచర్లు ఉంటారు. మిగిలేవి ఇవి: కిటికీ పక్క సీటు, కుళాయి దగ్గర లైను, అరువిచ్చి రాని నోటుబుక్కు, క్రికెట్లో నోబాల్, ప్రాజెక్టు పనంతా నేనే చేశాను అన్న మాట, నా గురించి దానితో ఏదో చెప్పిందట అన్న అనుమానం. పీఈటీ సారు ఈలతో, లెక్కల మేడమ్ అరుపుతో రోజూ పది పన్నెండు సార్లు ఆపుతున్నవి ఇవే.

మొదలుపెట్టేవాళ్లు పదో తరగతిని వదిలేయండి, దసరా తర్వాత వాళ్లు స్పెషల్ క్లాసుల్లోనే ఉంటారు. జూన్‌లో ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి ఎంపిక, జులై నుంచి పది వారాలు శిక్షణ, దసరా సెలవుల తర్వాత మొదటి బల్ల. ఫిబ్రవరిలో పాత మధ్యవర్తుల పక్కన కొత్తవాళ్లు కూర్చుని చూడాలి. మొదటి నెలలో రెండో మూడో తగవులు వస్తే కంగారు పడక్కర్లేదు. నాలుగు నెలలైనా ఒక్క వెనక బెంచీ పిల్లాడూ రాలేదంటే మాత్రం రిజిస్టరు మూసి, మధ్యవర్తుల పేర్ల జాబితా మళ్లీ తెరవండి.